దూరపు బడికి పంపు బిడ్డ – పంచాయతీ కర్తవ్యము

గ్రామములోని రోడ్డు, మంచినీటి బావి, వీధి దీపములు పంచాయతీ సభ్యుల కన్నుల యెదుటనే యుండును. కాని ఇంటి మూలను కూర్చుండిన వికలాంగ బాలుడుగాని, బాలికగాని అందరి కంట బడరు. వారి చదువు సంగతి ప్రభుత్వము చూచుకొనును గదా, మనకేమి పని యని కొందరు సభ్యులు తలపవచ్చును. అది సరికాదు. 1992వ సంవత్సరపు 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు కలవు. అందు 17వది విద్య. 26వది సాంఘిక సంక్షేమము. వికలాంగుల సంక్షేమము ఈ 26వ విషయములోనే చేరియున్నది.

చట్టమేమి చెప్పుచున్నది?

2016లో పార్లమెంటు వికలాంగుల హక్కుల చట్టమును చేసినది. అది 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చినది. నూటికి 40 వంతులకు తక్కువ కాని వైకల్యము గలదని ధ్రువపత్రము పొందిన బిడ్డకు, 6 ఏండ్ల నుండి 18 ఏండ్ల వరకు ఉచిత విద్య పొందు హక్కు కలదని ఈ చట్టపు 31వ సెక్షను చెప్పుచున్నది. ఆ విద్యను ఊరిబడిలోనే పొందవచ్చును. లేక ప్రత్యేక పాఠశాలలో పొందవచ్చును. కోరుకొను హక్కు బిడ్డదే. అతడు చదువునట్లు చూచు బాధ్యతను చట్టము ప్రభుత్వముపైననేగాక స్థానిక సంస్థలపైనను ఉంచినది. స్థానిక సంస్థ యనగా పంచాయతీయు నందులో చేరినదే. బడి యీడు పిల్లలలో వికలాంగులను గుర్తించుటకు 5 ఏండ్లకొకసారి సర్వే జరుపవలెననియు చట్టము విధించినది.

మరియొక విషయము సభ్యులు మరువరాదు. వైకల్యము గలదను కారణముచే బిడ్డను తల్లిదండ్రుల నుండి వేరుచేయరాదని 9వ సెక్షను శాసించుచున్నది. బిడ్డ మేలుకై అవసరమైనచో న్యాయస్థానము మాత్రమే అట్టి ఉత్తరువు ఇయ్యగలదు. కావున తల్లిదండ్రులకు వివరము తెలుపుట మన పని. బలవంతము చేయుట మన పని కాదు.

ఎవరిని పంపవలెను?

ప్రతి వికలాంగ బాలుని దూరపు బడికి పంపవలసిన పనిలేదు. కాలు చచ్చుబడిన బాలికకు కావలసినది ఊరిబడి వాకిట మెట్లకు బదులుగా ఏటవాలు దారి, ఆమె వాడదగిన మరుగుదొడ్డి, మూడు చక్రముల బండి. వీనిని సమకూర్పక ఆమెను పరవూరి వసతిగృహమునకు పంపుట అన్యాయము. బుద్ధి వికాసము మందముగా నున్న పసిబిడ్డకు తల్లి చెంత నుండుటయే తరచుగా మేలు. అట్టివారికి మండలమందలి భవిత కేంద్రము తోడ్పడును.

చెవిటి బిడ్డ సంగతి వేరు. చెవి వినబడని బిడ్డకు మాటలు తమంతట తాము రావు. ఇంటిలో నెవ్వరికిని సంజ్ఞాభాష తెలియనిచో ఆ బిడ్డ ఏ భాషయు లేక పెరుగును. భాష పట్టుబడు వయస్సు పసితనమే. ఆ ఏండ్లు గడచిన పిమ్మట నేర్పుట మిక్కిలి కష్టము. తనవంటి పిల్లల నడుమ, సంజ్ఞాభాష నెరిగిన ఉపాధ్యాయుల వద్ద చేరిననాడు అట్టి బిడ్డకు మొదటిసారి సంభాషణ దొరకును. చూపులేని బిడ్డకును ఆరు చుక్కల బ్రెయిలీ లిపి, చేతికర్రతో నడచు నేర్పు మొదట అలవడవలెను. అవి వచ్చిన పిదప అతడు ఊరిబడికి మరలివచ్చి చదువుకొనవచ్చును.

ఇట్టివారికై ప్రభుత్వమే పాఠశాలలు నడుపుచున్నది. బధిరులకు బాపట్లలోను, హైదరాబాదు మలక్‌పేటలోను, అంధులకు బొబ్బిలిలోను ఇట్టి పాఠశాలలు కలవు. ప్రభుత్వ ఆశ్రమ పాఠశాలలో చదువునకు, తిండికి, వసతికి తల్లిదండ్రులు సొమ్ము చెల్లింపనక్కరలేదు.

పంపిన పిమ్మట

బిడ్డను బడిలో చేర్చుటతో పని ముగిసినదని తలచుట పెద్ద పొరపాటు. తల్లిదండ్రులతో పాటు సభ్యులు ఈ క్రింది విషయములను గమనింపవలెను.

1. చేర్చుటకు ముందే తల్లిదండ్రులు పాఠశాలకు పోయి వసతిగృహమును, భోజనశాలను, రాత్రివేళ కావలియుండు వారిని స్వయముగా చూడవలెను. ఆడపిల్లల విషయమున ఈ జాగ్రత్త మరింత అవసరము.

2. బిడ్డకు కీడు జరిగినదని అనుమానము కలిగినచో పరువు పోవునని దాచరాదు. 1098 నంబరుకు ఫోను చేయవచ్చును. లైంగిక దౌర్జన్యమైనచో పోలీసులకు తెలుపుట 2012వ సంవత్సరపు పోక్సో చట్టము ప్రకారము తెలిసినవారందరి విధి.

3. సెలవులలో బిడ్డ ఇల్లు చేరవలెను. కూలి పోవునని, దారి ఖర్చు లేదని తండ్రి వెళ్ళనిచో పంచాయతీ పూనుకొని తోడు మనిషిని కుదుర్పవలెను.

4. చెవిటి బిడ్డ బడిలో నేర్చిన సైగలను తల్లి, తోబుట్టువులు, ఇరుగుపొరుగు పిల్లలు నేర్వవలెను. లేనిచో బడిలో గలగల మాటలాడు బిడ్డ ఇంట మరల మూగయగును.

5. పదవ తరగతి ముగిసిననాడు తరువాతి చదువు, వృత్తి శిక్షణ విషయమున మండల విద్యాధికారితోను, జిల్లా వికలాంగుల సంక్షేమ శాఖతోను ముందుగానే మాటలాడవలెను.

ఈ పనికి పెద్ద నిధులు అక్కరలేదు. అంగన్‌వాడీ కార్యకర్తను, ఆశా కార్యకర్తను, ప్రధానోపాధ్యాయుని కూర్చుండబెట్టి, 18 ఏండ్లలోపు వికలాంగ బాలబాలికల పేర్లతో ఒక పుస్తకము వ్రాయింపుడు. ధ్రువపత్రము కలదా, ఏ బడిలో నున్నారు, కడపటిసారి ఎప్పుడు ఇంటికి వచ్చిరి యను మూడు వివరములు ప్రతి పేరు కెదురుగా నుండవలెను. మూడవ గడి ఖాళీగా నున్న బిడ్డను గూర్చి మొదట విచారింపుడు. చదువుకై ఊరు విడిచిన బిడ్డ ఊరికి పరాయివాడు కారాదు. ఆ పేరు ఎల్లప్పుడు మన పుస్తకములో నుండవలెను.