సమానత్వము – గోప్యత

ప్రభుత్వోద్యోగములందు పౌరులందఱకును సమానావకాశము కలుగవలెనని మన రాజ్యాంగపు 16వ అధికరణము చెప్పుచున్నది. ఆ విధి నెరవేరినదో లేదో తెలియుటకు లెక్క కావలెను. లెక్కకై ఉద్యోగి కులమో, వైకల్యమో అడుగవలసి వచ్చును. అడిగినంతనే అతని సొంత సంగతి పరుల చేతబడును. చిక్కెల్ల ఇచ్చటనే యున్నది.

2021లో కర్ణాటక ప్రభుత్వము తన ఉద్యోగములలో ట్రాన్స్‌జెండరు వ్యక్తులకు నూటికొకటి చొప్పున రిజర్వేషను కల్పించినది. ఆ మేలు గోరువారు తమ సంగతి నియామకాధికారికి చెప్పక తప్పదు. అది కార్యాలయమందలి వారందఱి నోళ్ల నానినచో, వెనుక వచ్చువారు జంకి హక్కునే వదలుకొందురు. గుట్టు నిలువనిచోట సమానత్వమును నిలువదు.

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మండుగురు ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. ఆ వ్యాజ్యము వేసినవారు కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె. ఎస్. పుట్టస్వామిగారు. ఆ హక్కు నిరంకుశము కాదు. దానిని తగ్గించుటకు చట్టము, ధర్మమైన ప్రయోజనము, ప్రయోజనమునకు మించని కొలత యుండవలెను. 2025 సెప్టెంబరులో మొదలైన రాష్ట్ర సామాజిక, విద్యా సర్వేను హైకోర్టు ఆపలేదు. కాని సమాధానమిచ్చుట ప్రజల యిష్టమనియు, వివరములు గోప్యముగ నుంచవలెననియు ఆదేశించినది.

కావున కావలసినంతయే అడుగుట, అడిగిన కారణము చెప్పుట, పేర్లు విడిచి మొత్తములనే ప్రకటించుట కార్యాలయముల కర్తవ్యము. ఒక శాఖలో ఒక్కరే యున్నచో సంఖ్యయే పేరగును; అట్టి సంఖ్యలను ఇతర శాఖలతో కలిపి చూపవలెను.

ఆలోచింపుడు: మన బెళ్ళందూరులో ఒక బడి ఉపకారవేతనము పొందువారి పేర్లను కులముతో సహా గోడకంటించినచో, ఏ మేలు కలుగును? ఏ కీడు కలుగును?