మంచం కింద నుంచి చదివితే

గురజాడ ‘దిద్దుబాటు’ మీద మొదటిసారి వ్యాసం రాసినప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. నాలుగు పేజీలు రాశాను. మూడు పేజీల నిండా గురజాడ జీవితం, వీరేశలింగం ఉద్యమం, సంఘసంస్కరణ. మిగిలిన పేజీలో కథాసారాంశం. కథలో రాముడనే నౌకరు ఉన్నాడన్న సంగతే అందులో లేదు. మంచి మార్కులు వచ్చాయి. కథను చదవకుండానే దాని గురించి రాయొచ్చని ఆ మార్కులు నాకు నేర్పాయి. ఆ అలవాటు వదిలించుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. పాఠాలు చెప్పే పనిలో పడ్డాక కుదిరిన పద్ధతి ఇది. అదే కథతో చెబుతాను.

ముందు కథను ఫొటోకాపీ తీయించుకోండి, పక్కన బాగా ఖాళీ ఉండేలా. పెన్సిలు చాలు. ముందుమాటలు, గైడ్లు, ఫోను అన్నీ వేరే గదిలో, అలమారాలో పెట్టేయండి. ఒక్క జాగ్రత్త: ఈ కథకు రెండు పాఠాలు చలామణిలో ఉన్నాయి, ఒకదానిలో కథనం గ్రాంథికం వైపు మొగ్గుతుంది, ఇంకొకదానిలో వాడుక భాష. మీ చేతిలో ఉన్నది ఏదో చూసుకోండి. భాష గురించి మాట్లాడే దగ్గర ఇది అవసరపడుతుంది.

ఇప్పుడు ఒకసారి పైకి చదవండి. పావుగంట కూడా పట్టదు. రాత్రి ఒంటిగంటకు గోపాలరావు మేజువాణి చూసి ఇంటికొస్తాడు. భార్య కమలిని నిద్ర లేవకుండా లోపలికి జారుకోవాలని చూస్తాడు. గదిలో ఆమె లేదు. కోపంలో రాముణ్ణి కొడతాడు. ఆమె రాసిన ఉత్తరం దొరుకుతుంది: పుట్టింటికి వెళ్లిపోతున్నానని. తప్పు తెలిసివచ్చి, ఆమెను తీసుకురమ్మని రాముణ్ణే బతిమాలుతాడు. అప్పుడు మంచం కింద గాజుల చప్పుడు, నవ్వు.

పుస్తకం మూసేసి, మీ మనసులో గుచ్చుకున్న ప్రశ్న ఒక్కటి రాసుకోండి. అందంగా ఉండక్కర్లేదు, మీది అయితే చాలు. నేను రాసుకున్నది: ఆమె నవ్విందెందుకు? ఏడవొచ్చు, కోప్పడొచ్చు, నిజంగానే వెళ్లిపోనూవచ్చు. ఈ ప్రశ్న చివరిదాకా పక్కనే ఉండాలి. ఇతివృత్తం, పాత్ర, దృష్టికోణం, భాష అని మనం చెప్పుకునే అంశాలన్నీ ఆ ప్రశ్నకు జవాబు వెతికే పనిముట్లు. పరీక్షలో విడివిడి శీర్షికలు పెట్టి నింపడానికి పుట్టినవి కావు.

తర్వాతి పని ఇతివృత్తం. కాగితం మధ్యలో గీత గీయండి. ఎడమవైపు కథ చెప్పిన వరస: తలుపు, చీకటి, ఖాళీ గది, దెబ్బ, ఉత్తరం, పశ్చాత్తాపం, నవ్వు. కుడివైపు సంగతులు నిజంగా జరిగిన వరస. ఇక్కడే చాలామంది ఆగిపోయి తల గోక్కుంటారు. కుడివైపు జాబితా రాత్రి ఒంటిగంటకు మొదలవదు, పది రోజుల ముందు మొదలవుతుంది. పది రాత్రులు భర్త మీటింగులని చెప్పి వెళ్లాడు. స్నేహితురాళ్ల ద్వారా ఆమెకు నిజం తెలిసింది. ఆలోచించింది, ఉత్తరం రాసింది, దాక్కుంది. కథలోని అసలు నిర్ణయం కథ మొదటి మాటకు ముందే జరిగిపోయింది. మనం చూసేదంతా దాని ఫలితం. రెండు జాబితాలకూ మధ్య ఉన్న ఈ తేడానే శిల్పం అంటాం.

అక్కడి నుంచి దృష్టికోణం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన మెట్టు ఇదే. కథ మనల్ని గోపాలరావు పక్కన నిలబెట్టి లోపలికి తీసుకెళ్తుంది. అతనికి కనిపించనిది మనకూ కనిపించదు. అందుకే మొదటిసారి చదివినప్పుడు చివరి నవ్వు అతన్ని ఎంత ఉలిక్కిపడేలా చేస్తుందో మనల్నీ అంతే చేస్తుంది. ఇప్పుడు రెండోసారి చదవండి, ఈసారి మంచం కింద పడుకుని. ప్రతి వాక్యం దగ్గరా పెన్సిలుతో ఒక చుక్క పెట్టండి: ఇది ఆమెకు వినిపించింది.

కథ మారిపోతుంది చూడండి. ఆడవాళ్లు చదువుకుంటే ఏమవుతుందో అన్న రాముడి సందేహానికి గోపాలరావు పెద్ద ఉపన్యాసమే ఇస్తాడు. చదువుకున్న స్త్రీ సృష్టిలో ఎంత గొప్పదో వివరిస్తాడు. మొదటి పఠనంలో అది చీకట్లో నౌకరు ముందు వాగిన డాంబికంలా ఉంటుంది. రెండో పఠనంలో ఆ చదువుకున్న స్త్రీ రెండు బారల దూరంలో, చెక్కల కింద, ఊపిరి బిగబట్టి వింటోంది. ఉపన్యాసం పరీక్షగా మారింది. తనను పరీక్షిస్తున్నారని పరీక్ష రాసేవాడికే తెలియదు. సభల్లో చెప్పే మాటలే ఇవి, కానీ సభ లేదు, చప్పట్లు లేవు, అబద్ధమాడి లాభపడే అవకాశం లేదని అతను నమ్ముతున్నాడు. కమలినికి కావలసింది సరిగ్గా ఇదే: తాను లేనప్పుడు అతను ఏం మాట్లాడతాడు? నా ప్రశ్నకు సగం జవాబు ఇక్కడ దొరికింది.

పాత్రల దగ్గర విశేషణాల జోలికి పోకండి. ‘మంచివాడు’, ‘ఆదర్శ గృహిణి’ అని రాసిన కాగితాలు దిద్ది దిద్ది అలసిపోయాను. క్రియలు రాయండి. గోపాలరావు: పిలిచాడు, వెతికాడు, కొట్టాడు, చదివాడు, బతిమాలాడు. కమలిని: రాసింది, దాక్కుంది, వింది, నవ్వింది. రాముడు: దెబ్బ తిన్నాడు, అడిగాడు, వెళ్లమంటే సిద్ధపడ్డాడు. నాలుగో గడి కూడా గీయండి, మేజువాణిలో పాడిన ఆవిడకు. అందులో రాయడానికి ఏమీ దొరకదు. ఆ గడిని అలాగే ఉంచండి, చెరిపేయొద్దు.

భాష దగ్గర కొంచెం చెవి పెట్టాలి. రాముడిది ఉత్తరాంధ్ర పలుకు. గోపాలరావుది ఇంగ్లీషు చదివిన మనిషి మాట. కమలిని ఉత్తరం మాత్రం గ్రాంథికంలో, నిండు మర్యాదతో ఉంటుంది. ఆ మర్యాద చూసి మోసపోకండి. మొగుణ్ణి పరాయి పెద్దమనిషిని పిలిచినట్టు పిలిచి, ఆయన స్వేచ్ఛకు తాను అడ్డు కాకూడదనే వెళ్తున్నానని చెబుతుంది. ఆయనచేత రోజూ అబద్ధమాడించడం కంటే తప్పుకోవడమే మేలు అంటుంది. నింద మాట ఒక్కటి లేదు. చెంపదెబ్బ రాముడి మీద పడింది గానీ, ఆ రాత్రి గట్టిగా తగిలిన దెబ్బ ఈ ఉత్తరమే.

ఇప్పుడు, ఇప్పుడే, అలమారా తెరవండి. నేపథ్యం విషయంలో నేను పాటించే నియమం ఒకటే: కథలో ఏ మాట తలుపు తీసిందో చూపించగలిగితేనే బయటి సంగతిని లోపలికి రానివ్వాలి. గోపాలరావు ఒకప్పుడు యాంటీనాచ్ (మేజువాణీలను వ్యతిరేకించే) మనిషి. ఆ మాటే తలుపు. 1893లో మద్రాసు సంఘసంస్కర్తలు వైస్రాయికి, గవర్నరుకు విన్నపం పంపారు, నాచ్ జరిగే విందులకు వెళ్లవద్దని. ఈ సంగతి తెలిస్తే గోపాలరావు తప్పు బరువు తెలుస్తుంది. అతను వెళ్లిన చోటు కంటే, వెళ్లకూడదని పదిమందికీ చెప్పి వెళ్లడం పెద్ద తప్పు. స్త్రీవిద్య ఇంకో తలుపు: వీరేశలింగం ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టింది 1874లో, ఈ కథ ‘ఆంధ్రభారతి’లో వచ్చింది 1910లో. అంటే కమలిని చదువు అప్పటికి ఒక తరం పైచిలుకు వయసున్న వాదం. భాష మూడో తలుపు. గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చిన అసమ్మతి పత్రం వాడుక భాష పక్షాన రాసినదే. అలాంటి రచయిత తన కథానాయిక చేత గ్రాంథికంలో ఉత్తరం ఎందుకు రాయించాడన్నది మంచి ప్రశ్న. చదువుకున్నవాళ్లు కాగితం మీద అలాగే రాసేవారు గనుక అని నా జవాబు. మీరు వేరేది చెప్పొచ్చు.

సాహిత్య నేపథ్యమూ చూడాలి. దీన్ని తొలి తెలుగు కథ అనడం అలవాటైపోయింది. కానీ భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ 1902లోనే ‘హిందూ సుందరి’లో వచ్చింది. ఎవరు ముందన్న పంచాయితీ కంటే నాకు ఆసక్తి కలిగించేది వేరే ఉంది: రెండు కథల్లోనూ భర్తను దిద్దేది భార్యే. అచ్చమాంబ కథలో భార్య ఎదురుగా నిలబడి అన్యాయపు సొమ్ము వద్దంటుంది. గురజాడ కథలో మంచం కింద దాక్కుంటుంది. ఈ తేడా మీదే ఒక వ్యాసం రాయొచ్చు.

ఇక ఆ ఖాళీ గడి. ‘కన్యాశుల్కం’ రెండో కూర్పు 1909లో వచ్చింది. అందులో వేశ్య మధురవాణికి అందరికన్నా పదునైన మాటలిచ్చిన గురజాడ, మరుసటి ఏడాది ఈ కథలో పాటకత్తెకు ఒక్క మాటైనా ఇవ్వలేదు. చిన్న కథలో చోటు లేదని సరిపెట్టుకోవచ్చు. అయితే అదే 1910లో బెంగళూరు నాగరత్నమ్మ, తానూ ఆ కళావంతుల వర్గం నుంచే వచ్చిన విదుషీమణి, కవయిత్రి ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ను పరిష్కరించి వావిళ్లవారి ద్వారా అచ్చు వేయించింది. ముద్దుపళనిని తప్పుబట్టిన వీరేశలింగానికి ముందుమాటలో బదులిచ్చింది. మరుసటి ఏడాదే ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. 1947లో ప్రకాశం పంతులు ప్రభుత్వం ఆ నిషేధాన్ని ఎత్తేసింది. కథలో నోరు లేని మనిషి, కథ బయట అదే ఏడాది అచ్చులో మాట్లాడుతోంది. దీంతో గురజాడ మీద తీర్పు చెప్పాలని నేననను. ఒక ఇంటి గొడవ చక్కబడ్డ రాత్రి, ఆ ఇంటికి బయట ఎవరు మిగిలిపోయారో గమనించాలంటాను.

ఇన్ని నోట్సు పోగయ్యాక ఒక్క వాక్యం రాయండి. ఎవరైనా కాదనగలిగే వాక్యం. ‘ఈ కథ సంఘసంస్కరణ గురించి’ అంటే కాదనేవాడు లేడు, అందుకే అది పనికిరాదు. నాది ఇది: సభలో చెప్పిన సంస్కరణను చీకటిగదిలో పరీక్షించే హక్కు ఈ కథ భార్యకు ఇచ్చింది, కానీ దెబ్బ తిన్న నౌకరుకూ పాడిన స్త్రీకీ ఇవ్వలేదు.

వ్యాసం చిత్తుప్రతి పూర్తయ్యాక అందులోని తేదీలన్నీ కొట్టేసి చదవండి. అప్పుడు వ్యాసం కూలిపోతే మీరు రాసింది చరిత్ర. తర్వాత కథలోని వివరాలన్నీ కొట్టేసి చదవండి. అప్పుడు కూలకపోతే ఇంకా పెద్ద తప్పు. నా పంతొమ్మిదేళ్ల వ్యాసం రెండో పరీక్షలో నిక్షేపంగా నిలబడేది.

ఒక సంగతి మాత్రం నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. కమలిని మంచం కింద ఉందని రాముడికి ముందే తెలుసా? తెలిస్తే, స్త్రీవిద్య మీద వాడు వేసిన అమాయకపు ప్రశ్న అమాయకం కాదు. యజమాని నోట అమ్మగారికి వినిపించాల్సిన మాటలు రాబట్టాడన్నమాట. తెలిసి దెబ్బ తిన్నాడంటే మరీ వేరే కథ. వాడి మాటలున్న చోటల్లా పెన్సిలుతో గీత గీసి ఉంచాను. ఈ ఏడాది పిల్లల చేత ఆ ముక్కలే ముందు చదివిస్తాను.