పాత డిస్కులోని తెలుగు

ముంబయిలో నాగ్‌పాడాను ఆనుకొని కామాఠీపుర ఉంది. కట్టడాల పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కామాఠీల వల్ల ఆ పేటకు ఆ పేరు వచ్చింది. దగ్గరలోని లామింగ్టన్ రోడ్డు కంప్యూటర్ సామాన్ల బజారుగా పేరు పొందింది.

1990లలో కంప్యూటరులో కూర్చిన సంఘాల సంచికలను, శుభలేఖలను ఫ్లాపీ డిస్కులలో దాచేవారు. మూడున్నర అంగుళాల ఫ్లాపీలో 1.44 మెగాబైట్ల సమాచారం పట్టేది. అయస్కాంతపు పూత గల పలుచని బిళ్ళ దానిలో ఉంటుంది.

తేమకు ఆ బిళ్ళ బూజు పడుతుంది. అలాగే డ్రైవులో పెడితే పూత గీరుకుపోతుంది. కాబట్టి తెలిసినవారి చేత ముందు శుభ్రం చేయించాలి. మూలనున్న చిన్న మీటను జరిపి రంధ్రం తెరవాలి. అప్పుడు పాత రాతపై కొత్త రాత పడదు. తరువాత డిస్కు మొత్తానికి నకలు తీసి, నకలుపైనే పని చేయాలి. అమెరికాలో 1989 నాటి ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ ఆట మూలరచనను 2012లో పాత డిస్కుల నుండే వెలికి తీశారు.

తెలుగుకు మరొక చిక్కు ఉంది. నాటి ఫాంట్లలో చాలావరకు ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు గుర్తులు ఉండేవి. ఆ ఫాంటు లేనిదే తెరపై అర్థంలేని అక్షరాలు కనబడతాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చాలి. 1991 నుండి యూనికోడ్‌లో తెలుగుకు స్థానం ఉంది.

అటకపై పాత ఫ్లాపీ కనబడితే పారవేయరాదు. ముంబయికి వలస వచ్చిన పెద్దల పేర్లు, ఊళ్ళు అందులోనే ఉండవచ్చు.