కోడ్ అందరిదీ, మరి పేరు ఎవరిది?

తొమ్మిదో తరగతి పిల్లల కంప్యూటర్ ప్రాజెక్టులు ఈ నెలలో మొదలవుతున్నాయి. ఏటా ఈ సమయంలో తల్లిదండ్రుల నుంచి మాకు వచ్చే ప్రశ్న దాదాపు ఒకటే: "నెట్‌లో ఫ్రీగా దొరికిన కోడ్‌ని మావాడు వాడుకుంటే తప్పేంటండీ?" చాలాసార్లు తప్పేమీ ఉండదు. కానీ ఆ 'ఫ్రీ' అన్న మాటలో రెండు మూడు వేర్వేరు సంగతులు కలగలిసి ఉన్నాయి. వాటిని విడదీసి చూపించడానికి ఒక నిజమైన తగాదా చెబుతాం. మీ ఇంట్లో కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో ఉండే వెబ్ బ్రౌజర్ చుట్టూ జరిగిందది. 2006లో ముదిరింది, తేలడానికి పదేళ్లు పట్టింది. కోర్టు గడప తొక్కలేదు. రెండు పక్షాల్లో దుర్మార్గులు ఎవరూ లేరు. పిల్లలతో కూర్చుని మాట్లాడుకోవడానికి ఇంతకన్నా మంచి కేసు మాకు కనిపించలేదు.

ముందు ఆ మాట సంగతి. ఇంగ్లిష్‌లో 'ఫ్రీ' అంటే డబ్బు కట్టనక్కర్లేదనీ అర్థమే, స్వేచ్ఛ ఉందనీ అర్థమే. ఈ గందరగోళం వల్ల వాళ్లు దశాబ్దాలుగా వివరణలు ఇచ్చుకుంటూనే ఉన్నారు. మనకా ఇబ్బంది లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాద్‌లో ఈ ఉద్యమాన్ని నడిపే సంస్థ తన పేరునే 'స్వేచ్ఛ' అని పెట్టుకుంది.

1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్ 'గ్నూ' ప్రాజెక్టును ప్రకటించాడు. సాఫ్ట్‌వేర్ కొన్నవాడికి దాని లోపల ఏముందో చూసే హక్కు, మార్చుకునే హక్కు ఉండాలన్నది ఆయన వాదన. క్రమంగా అది నాలుగు స్వేచ్ఛలుగా స్థిరపడింది. ఏ పనికైనా ప్రోగ్రాంను నడుపుకోవచ్చు. అది ఎలా పనిచేస్తుందో చదివి మార్చుకోవచ్చు. కాపీలు పంచవచ్చు. తాను మార్చిన కాపీని కూడా పంచవచ్చు. (వీటికి సున్నా నుంచి మూడు వరకు అంకెలు వేస్తారు. ప్రోగ్రామర్లు లెక్క సున్నాతో మొదలుపెడతారని మీ పిల్లలు మీకు చెప్పే ఉంటారు.) డబ్బు తీసుకోకూడదని ఇందులో ఎక్కడా లేదు. 1985లో స్టాల్‌మనే తన ఈమ్యాక్స్ ప్రోగ్రాం ఉన్న టేపును 150 డాలర్లకు అమ్మేవాడు. దీనికి తిరగేసి చూస్తే, మనం రోజూ వాడే గూగుల్ క్రోమ్‌కు పైసా కట్టం. కానీ ఈ నాలుగు స్వేచ్ఛలు పూర్తిగా ఉన్నది దాని పునాది అయిన 'క్రోమియం' కోడ్‌కే. క్రోమ్ పేరుతో మన చేతికి వచ్చే ప్రోగ్రాం గూగుల్ షరతులతో వస్తుంది.

ఇక తగాదా.

ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ పుట్టుకే ఒక ఓటమిలోంచి జరిగింది. 1990ల మధ్యలో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ రాజ్యమేలింది. మైక్రోసాఫ్ట్ తన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను విండోస్‌తో కలిపి ఇవ్వడం మొదలుపెట్టాక నెట్‌స్కేప్ నిలవలేకపోయింది. ఆ వ్యవహారంపై 1998 మేలో అమెరికా ప్రభుత్వం మైక్రోసాఫ్ట్ మీద కేసు వేసింది. కంపెనీని రెండు ముక్కలు చేయాలని 2000లో కింది కోర్టు ఆదేశించింది. 2001లో పై కోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది కానీ, గుత్తాధిపత్యం నిలుపుకోవడానికి మైక్రోసాఫ్ట్ చట్టవిరుద్ధంగా ప్రవర్తించిందన్న తీర్పును చాలావరకు నిలబెట్టింది. ఆ తీర్పు వచ్చేసరికి నెట్‌స్కేప్ పని అయిపోయింది. అయితే మునిగిపోయేముందు ఆ కంపెనీ ఒక పని చేసింది. 1998 మార్చి 31న తన బ్రౌజర్ సోర్స్ కోడ్‌ను లోకానికి తెరిచి ఇచ్చేసింది. దాంతోనే 'మొజిల్లా' ప్రాజెక్టు మొదలైంది. 2004 నవంబర్ 9న ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చింది.

దాని పేరు కూడా మొదటి పేరు కాదు. ముందు 'ఫీనిక్స్' అన్నారు. ఆ పేరుతో వేరే కంపెనీ ఉండటంతో 'ఫైర్‌బర్డ్'గా మార్చారు. ఆ పేరుతో ఒక డేటాబేస్ ప్రాజెక్టు అప్పటికే ఉంది, వాళ్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు. మూడోసారికి 'ఫైర్‌ఫాక్స్' కుదిరింది. పేర్ల విషయంలో ఇన్ని దెబ్బలు తిన్నవాళ్లు కాబట్టి ఈసారి ట్రేడ్‌మార్క్‌ను భద్రంగా కాపాడుకున్నారు. కోడ్ ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చినదాన్ని ఫైర్‌ఫాక్స్ అని పిలవాలంటే మాత్రం మా అనుమతి కావాలి అన్నారు.

రెండో పక్షం డెబియన్. 1993 నుంచి ప్రపంచవ్యాప్తంగా స్వచ్ఛంద కార్యకర్తలు తయారుచేస్తున్న లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఇది. దీనికి రాతపూర్వకమైన నియమావళి ఉంది, దాన్ని వాళ్లు చాలా పట్టుదలగా పాటిస్తారు. అందులో ఒకటి: ఇక్కడ చేరే ప్రతి వస్తువూ మాకే కాదు, మా దగ్గర నుంచి తీసుకునే ప్రతి ఒక్కరికీ అదే స్వేచ్ఛను ఇవ్వాలి. డెబియన్‌కు మాత్రమే ప్రత్యేక అనుమతి ఇస్తామంటే కుదరదు.

చిక్కు రెండు చోట్ల వచ్చింది. ఫైర్‌ఫాక్స్ బొమ్మ, అంటే భూగోళాన్ని చుట్టుకున్న నక్క, స్వేచ్ఛా లైసెన్సు కింద లేదు. అందుకని డెబియన్ వాళ్లు ఆ బొమ్మ తీసేసి పేరు మాత్రం ఉంచారు. రెండోది, డెబియన్ తన స్థిరమైన విడుదలలో పాత వెర్షన్లనే ఏళ్ల తరబడి ఉంచి, భద్రతా సవరణలను మాత్రం వాటికి అతికిస్తూ ఉండేది. మొజిల్లా దృష్టిలో అది తమ చేయి దాటిన సరుకు. 2006 ఫిబ్రవరిలో మొజిల్లా ఉద్యోగి ఒకరు అభ్యంతరం తెలిపారు. అది లాయరు నోటీసుగా రాలేదు, డెబియన్ వాళ్ల సొంత బగ్ రిపోర్టుల జాబితాలోనే ఒక బగ్‌గా వచ్చింది! సారాంశం ఇదే: పేరు వాడితే బొమ్మ కూడా వాడాలి, మీరు చేసే మార్పులు మాకు చూపించి ఒప్పించుకోవాలి, లేదంటే పేరు తీసేయండి.

డెబియన్ పేరు తీసేసింది. 2007 ఏప్రిల్‌లో వచ్చిన డెబియన్ 4.0లో అదే బ్రౌజర్ 'ఐస్‌వీజిల్' అయింది. నిప్పు బదులు మంచు, నక్క బదులు ముంగిసలా కనిపించే చిన్న జంతువు. కసి, చమత్కారం రెండూ ఉన్న పేరు. మొజిల్లావారి ఈమెయిల్ ప్రోగ్రాం 'థండర్‌బర్డ్' ఇలాగే 'ఐస్‌డవ్', అంటే మంచు పావురం అయింది. లోపల కోడ్ దాదాపు అదే. కానీ డెబియన్‌కు కొత్తగా వచ్చినవాళ్లు "ఫైర్‌ఫాక్స్ ఏదీ?" అని వెతుక్కోవలసి వచ్చేది.

ఎవరిది న్యాయం? పిల్లల్ని అడిగితే ఎక్కువమంది డెబియన్ వైపు నిలబడతారు. అందరికీ ఇచ్చేశాం అని చెప్పి మళ్లీ పేరు దగ్గర పట్టుకోవడం ఏమిటని వాళ్లకు అనిపిస్తుంది. అప్పుడు తిరుపతి లడ్డూ సంగతి అడగండి. శనగపిండి, నెయ్యి, జీడిపప్పు, కలకండ వేసి ఎవరైనా ఇంట్లో లడ్డూ చుట్టుకోవచ్చు. దాన్ని 'తిరుపతి లడ్డూ' అని పెట్టెలో పెట్టి అమ్మకూడదు. 2009లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. (చట్టం దృష్టిలో ఇది ట్రేడ్‌మార్క్ కాదు, వేరే చట్టం. కానీ వెనక ఉన్న ఆలోచన దగ్గరిది: పేరు చూసి కొనేవాడు మోసపోకూడదు.)

బ్రౌజర్ విషయంలో ఆ మోసం ఊహాజనితం కాదు. 2013లో గామా ఇంటర్నేషనల్ అనే కంపెనీకి మొజిల్లా లీగల్ నోటీసు పంపింది. ఆ కంపెనీ నిఘా సాఫ్ట్‌వేర్ ఫైర్‌ఫాక్స్ వేషం వేసుకుని కంప్యూటర్లలో దాక్కుంటోందని పరిశోధకులు బయటపెట్టారు. అలాంటివారిని ఆపడానికి మొజిల్లా చేతిలో ఉన్న ఆయుధం ఆ ట్రేడ్‌మార్కే. కోడ్ అందరికీ తెరిచి ఉన్నప్పుడు నమ్మకానికి గుర్తుగా మిగిలేది పేరొక్కటే.

ఇంకో విశేషం. మార్చిన ప్రోగ్రాంకు వేరే పేరు పెట్టమని రచయిత అడగవచ్చని డెబియన్ నియమావళిలోనే రాసి ఉంది. 'డెబియన్' అనే పేరు కూడా రిజిస్టరయిన ట్రేడ్‌మార్కే! కాబట్టి పేరు మార్చమనడం అన్యాయమని డెబియన్ కూడా అనలేదు. బొమ్మ లైసెన్సు విషయంలో, ప్రతి మార్పుకూ అనుమతి తీసుకోవాలన్న షరతు విషయంలోనే వాళ్లు లొంగలేదు. నన్నడిగితే పేరు విషయంలో మొజిల్లాదే న్యాయం, బొమ్మ విషయంలో డెబియన్‌దే. బొమ్మకు కాపీరైట్ పరంగా స్వేచ్ఛ ఇచ్చి, ట్రేడ్‌మార్క్‌తో కాపాడుకోవచ్చు కదా? చివరికి జరిగింది అదే. బొమ్మల కాపీరైట్ లైసెన్సు మారింది. డెబియన్ కూడా ఫైర్‌ఫాక్స్ దీర్ఘకాల వెర్షన్లను ఉన్నవి ఉన్నట్టుగా తీసుకోవడం మొదలుపెట్టింది. డెబియన్ మార్పులు నాణ్యతను చెడగొట్టేవి కావని మొజిల్లా ఒప్పుకుంది. 2016లో డెబియన్‌లోకి ఫైర్‌ఫాక్స్ తన సొంత పేరుతో తిరిగి వచ్చింది, మరుసటి ఏడు థండర్‌బర్డ్ కూడా.

మనకేం సంబంధం అనుకుంటున్నారా? కొంచెం వెనక్కి వెళ్లండి. యూనికోడ్ స్థిరపడకముందు మన తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఒక్కొక్కటీ సొంత ఫాంటు వాడేవి. ఆ ఫాంటు లేకపోతే తెరమీద అర్థంకాని గుర్తులు కనిపించేవి. విదేశాల్లో ఉండి తెలుగు వార్తలు చదివినవాళ్లకు ఈ బాధ బాగా గుర్తుంటుంది. ఆ ఫాంట్లను యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపించే 'పద్మ' అనే పొడిగింపు ఫైర్‌ఫాక్స్‌కు వచ్చింది. ఏ కంపెనీ అనుమతీ అడగకుండా, తెలుగు తెలిసినవాళ్లు తమ అవసరానికి తాము చేసుకోగలిగారు. ఫైర్‌ఫాక్స్ మెనూలు తెలుగులో దొరకడం వెనక కూడా స్వచ్ఛందంగా పనిచేసినవాళ్లు ఉన్నారు. బ్రౌజర్‌కు వాళ్లు వాడిన మాట 'విహారిణి'. బాగుంది కదా, మనం వాడటమే లేదు.

ఇప్పుడు మీ పిల్లల ప్రాజెక్టు. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం కింద కంప్యూటర్ ప్రోగ్రాం కూడా ఒక సాహిత్య రచనే. రాసిన క్షణం నుంచే హక్కు ఉంటుంది, రిజిస్టర్ చేయనక్కర్లేదు. కాబట్టి నెట్‌లో కనిపించిన కోడ్ దగ్గర లైసెన్సు ఏదీ లేకపోతే 'ఎవరైనా వాడుకోవచ్చు' అని అర్థం కాదు, అనుమతి ఇవ్వలేదనే అర్థం. ఇది చాలామంది పెద్దవాళ్లకు కూడా తెలియదు. లైసెన్సు ఉంటే చదవాలి. ఎంఐటీ లైసెన్సు అయితే నాలుగు పేరాలు కూడా ఉండదు. అసలు రచయిత పేరున్న కాపీరైట్ వాక్యాన్ని, లైసెన్సు పాఠాన్ని అలాగే ఉంచమంటుంది, అంతే. జీపీఎల్ అయితే ఇంకో మెట్టు ఎక్కువ: నువ్వు మార్చి పంచితే, తీసుకున్నవారికి సోర్స్ కోడ్‌ను, అవే స్వేచ్ఛలను నువ్వూ ఇవ్వాలి. తరగతి గదిలో చదువు కోసం వాడుకోవడానికి చట్టంలో కొంత వెసులుబాటు ఉంది. అదే ప్రాజెక్టును ప్లే స్టోర్‌లోనో, గిట్‌హబ్‌లోనో పెట్టినప్పుడు లెక్క మారుతుంది. పేర్లకు వేరే చట్టం, 1999 నాటి ట్రేడ్‌మార్క్ చట్టం. ఒక ప్రసిద్ధ యాప్ పేరుకు 'లైట్' అనో 'ప్లస్' అనో తగిలించి, దాని బొమ్మనే కాస్త రంగు మార్చి పెట్టుకునే సరదా ఈ వయసులో ఎక్కువ. లోపల కోడ్ మొత్తం సొంతంగా రాసినా, ఆ పేరు సమస్యే.

బ్రౌజర్ల తగాదాలు అయిపోలేదు. ఫోన్లలో తన యాప్‌లను ముందుగానే పెట్టించే పద్ధతులపై మన కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబర్‌లో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆ కేసులో క్రోమ్ కూడా ఉంది. 2023 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ జరిమానాను సమర్థించింది. అమెరికాలో జడ్జి అమిత్ మెహతా 2024 ఆగస్టులో సెర్చ్ వ్యాపారంలో గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యాన్ని నిలుపుకుందని తేల్చారు. క్రోమ్‌ను అమ్మేయాలన్న ప్రభుత్వ కోరికను మాత్రం 2025 సెప్టెంబర్‌లో ఒప్పుకోలేదు.

ఈ ఆదివారం పిల్లలతో కలిసి ఒక పావుగంట పని. ఇంట్లో కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి, 'హెల్ప్' కింద 'అబౌట్' పేజీకి వెళ్లండి. క్రోమియం ప్రాజెక్టు, ఇతర ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వల్లే ఇది సాధ్యమైందని చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది. దాని మీద నొక్కితే ఆ ప్రోగ్రాంలో ఎవరెవరి కోడ్ ఉందో, ఏ లైసెన్సు కింద ఉందో పొడవాటి జాబితా తెరుచుకుంటుంది. అందులో ఏవైనా మూడు పేర్లు ఎంచుకుని, వాటి లైసెన్సు రచయిత పేరు ఉంచమంటోందా, మార్పులు పంచమంటోందా, పేరు వాడొద్దంటోందా అని మీ అబ్బాయినో అమ్మాయినో నోట్‌బుక్‌లో రాయమనండి. ఆ పేజీని ప్రాజెక్టు ఫైలులో మొదటి పేజీగా పెడితే, టీచర్ మొదట చూసేది దాన్నే.