చదివి వినిపిద్దాం, అడుగుదాం, చెప్పనిద్దాం

దాతల సహకారంతో నడుస్తున్న మా సాయంత్రపు తరగతిలో నాలుగో తరగతి చదివే ఒక పాప తెలుగు పాఠాన్ని ఒక్క తప్పు లేకుండా చదివింది. అందరం మెచ్చుకున్నాం. "కథలో ఏం జరిగిందమ్మా?" అని అడిగితే మాత్రం తల దించుకుంది. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. అక్షరాలు వచ్చాయి గాని అర్థం అందలేదు. అన్నాళ్లూ గడగడా చదివినవారికే బహుమతులిచ్చిన మేము సిగ్గుపడ్డాం.

చదివింది అర్థం కావాలంటే అక్షరాలను గుర్తుపట్టి పలకడం, ఆ భాషను విని గ్రహించడం రెండూ కావాలని, ఒకటి లేకపోతే రెండోది అక్కరకు రాదని 1986లో గఫ్, టన్మర్ అనే పరిశోధకులు వివరించారు. 1988లో అమెరికాలో వైట్‌హర్స్ట్ బృందం మూడేళ్లలోపు పిల్లల తల్లిదండ్రులకు ఒక పద్ధతి నేర్పింది: బొమ్మల పుస్తకం చదువుతూ ప్రశ్నలు వేయడం, పిల్లల జవాబును పెంచి చెప్పడం. నెల రోజుల్లోనే ఆ పిల్లల మాట్లాడే నేర్పు పెరిగింది.

తరగతిలో ఇదెలా చేయాలో మనందరికీ తెలిసిన ఏడు చేపల కథతో చూద్దాం.

చదవడానికి ముందు: కథకు కీలకమైన ఒకటి రెండు మాటలు చెప్పాలి. 'గడ్డిమోపు' అంటే 'ఘాస్ కా గట్ఠా' అని.

చదువుతూ: ఎండని చేప దగ్గర ఆగి, "ఎందుకు ఎండలేదంటారు?" అని అడగాలి. మనసులో ఐదు లెక్కపెట్టే వరకు జవాబు మనం చెప్పకూడదు. "గడ్డి" అని ఒక్క మాటే వస్తే, "అవును, గడ్డిమోపు అడ్డం వచ్చింది" అని పూర్తి చేసి, వాళ్లచేత అనిపించాలి. ఉర్దూలో చెప్పినా మెచ్చుకుని తెలుగులో అందించాలి. మూడు నాలుగు చోట్ల ఆగితే చాలు. ప్రతి వాక్యానికీ ఆగితే కథ చెడుతుంది.

చదివాక: చీమ నుంచి చేప దాకా ఏది ఎందుకు జరిగిందో వెనక్కి చెప్పించి, "తప్పెవరిది?" అని అడగాలి. మర్నాడు అదే కథ మళ్లీ చదవాలి.

రెండోసారి చదివిన రోజున ఆ పాపే చెయ్యెత్తింది. "చీమది తప్పు కాదు టీచర్, దాని ఇంట్లో వేలు పెట్టారు కదా!"

దాతలైన సోదర సోదరీమణులారా! మీరిచ్చిన బ్యాగులు, నోటు పుస్తకాలు పిల్లలను తరగతి దాకా తెచ్చాయి. ఇప్పుడు పెద్ద అక్షరాల కథల పుస్తకాలు కావాలి. వాటితో పాటు వారానికి అరగంట వచ్చి, ఒక కథ చదివి, పిల్లలు చెప్పేది ఓపిగ్గా వినే మనుషులు కావాలి.