పెరటిలోని భూతయజ్ఞము

గృహస్థుని పంచమహాయజ్ఞములలో భూతయజ్ఞ మొకటి. తన యాహారమున కొంత ప్రాణికోటికి విడుచుట దాని సారము. అండమాను దీవులలో, 2024లో శ్రీ విజయపురమను పేరు పొందిన పోర్టు బ్లెయిరు పరిసరములందలి ఆస్టినాబాద్‌లో, నిమ్మచెట్టు గల యింట ఈ యజ్ఞమును ఆకుతోనే చేయవచ్చును.

పూవు సీతాకోకచిలుకకు మకరందము నిచ్చును. దాని సంతతికి మాత్రము ఆకు కావలెను. ‘కామన్ మార్మన్’ అను నల్లని జాతి నిమ్మ, కరివేప మొక్కలపై గ్రుడ్లు పెట్టును. లేత గొంగళి పక్షిరెట్టవలె కనబడి శత్రువులను మోసగించును. పెరిగినపిదప ఆకువలె పచ్చబడును. ఆకులు కొరుకుచున్నదని మందు చల్లినచో రేపటి సీతాకోకచిలుకయే నశించును. అండమానులలో దప్ప వేరెచ్చటను లేని ‘అండమాన్ క్లబ్‌టెయిల్’ గొంగళికి ఈశ్వరి జాతి తీగలే యాహారము. పనికిమాలిన తీగయని పెరికివేసినచో ఆ జాతికి పుట్టుచోటే కరవగును.

పెంచగోరువారు గొంగళిని కొమ్మతోగూడ గాజుసీసాలో నుంచి, మూతికి పలుచని బట్ట కట్టి, ప్రతిదినమును అదే జాతి క్రొత్త ఆకు నీయవలెను. ప్యూపా దశలో దానిని కదలింపరాదు. వెలువడునపుడు జాలిపడి గూడు చీల్చరాదు. అది తానే బయటపడి, వ్రేలాడుచు, దేహద్రవమును రెక్కలలోనికి నింపుకొన్నగాని అవి విచ్చుకొనవు. ఆకు నిచ్చుట సేవ. అచ్చట చేయి నాపుకొనుటయు సేవయే.