ఎండలో దీపమెందుకు?

శ్రీనగర్ కాలనీ, ఫిలింనగర్ వీధుల్లో మీరెప్పుడైనా సినిమా షూటింగు చూశారా? నడినెత్తిన సూర్యుడు మండిపోతుంటాడు. అయినా నటుని పక్కన ఒకరు పెద్ద తెల్లని అట్టను పట్టుకొని నిలబడతారు. ఒక్కోసారి దీపాన్నే వెలిగిస్తారు. ఎండ చాలదా? కారణమేమిటో తెలుసుకుందాం.

కెమెరా ఒక చీకటి పెట్టె. దాని ముందున్న కటకాన్ని లెన్సు అంటారు. ఎదుటి దృశ్యం యొక్క తలక్రిందుల ప్రతిబింబాన్ని అది లోపలి ఫిల్ముపై ఏర్పరుస్తుంది. నేటి కెమెరాలలో ఫిల్ముకు బదులు సెన్సర్ ఉంటోంది.

లెన్సులో చిన్నదిగా, పెద్దదిగా మార్చగల రంధ్రం ఉంటుంది. ఇదే ఎపర్చరు. లెన్సు నాభ్యంతరాన్ని రంధ్రపు వ్యాసంతో భాగిస్తే ‘ఎఫ్’ సంఖ్య వస్తుంది. నాభ్యంతరం 50 మి.మీ., వ్యాసం 25 మి.మీ. అయితే ఎఫ్ సంఖ్య 2. లెన్సుపై 5.6, 8, 11, 16 వంటి అంకెలు ఉంటాయి. అంకె పెరిగిన కొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. ఒక్కో మెట్టుకు కాంతి సగమవుతుంది.

కాంతి ఎంతసేపు లోపలికి రావాలో నిర్ణయించేది షట్టరు. బిందె నిండాలంటే కుళాయిని ఎంత తిప్పామన్నదీ, ఎంతసేపు ఉంచామన్నదీ రెండూ ముఖ్యమే కదా! ఫిల్ముపై పడే ఈ మొత్తం కాంతి మోతాదే ఎక్స్‌పోజరు. సినిమా కెమెరా సెకనుకు 24 బొమ్మలు తీస్తుంది. అర్ధవృత్తపు షట్టరు ఉంటే ఒక్కో బొమ్మకు దక్కేది సెకనులో 48వ వంతు మాత్రమే.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. నటుని ఎండ చెంపపై 8 పాళ్లు, నీడ చెంపపై 1 పాలు కాంతి ఉందనుకోండి. నీడ భాగం నల్లబడుతోందని ఎపర్చరును 16 నుండి 5.6కు తెరిస్తే, రెండు చెంపల కాంతీ 8 రెట్లవుతుంది. నీడ కనిపిస్తుంది కాని, ఎండ చెంప తెల్లగా పాలిపోతుంది. నిష్పత్తి మాత్రం మారదు! తెల్లని అట్ట నీడవైపుకు మరో 3 పాళ్ల కాంతిని పంపిందనుకోండి. అప్పుడు 8కి ఎదురుగా 4. ముఖం చక్కగా కనిపిస్తుంది. చూశారా, మోతాదును కెమెరా మార్చగలదు; వెలుగు నీడల నిష్పత్తిని మార్చాలంటే దీపమో అట్టో కావాలి.

ముఖంపై ప్రధానంగా పడే కాంతి కీ లైటు. నీడను పలుచన చేసేది ఫిల్ లైటు. వెనుకనుండి తల, భుజాల అంచులను మెరిపించేది బ్యాక్ లైటు.

తెలుగు చిత్రాలు ఎక్కువగా మద్రాసులో తయారవుతున్న రోజుల్లో, 1957లో ‘మాయాబజార్’ వచ్చింది. అందులోని వెన్నెల చంద్రుడిది కాదు. వెలుగు నీడలను కొలిచి ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే సృష్టించినది!

మీరూ చేసి చూడండి. మిత్రుణ్ణి కిటికీ పక్కన ఒక చెంపపై వెలుగు పడేలా కూర్చోబెట్టి ఫోటో తీయండి. రెండవ చెంప దగ్గర తెల్ల కాగితం పట్టుకొని మళ్ళీ తీయండి. రెండు ఫోటోలనూ పోల్చండి. కాని కెమెరా లెన్సు గుండా సూర్యుణ్ణి ఎన్నడూ చూడకండి, కన్ను దెబ్బతింటుంది.